నాలుగో వారంలో మొదలయ్యే కాలినొప్పి

సంపాదకులకు నమస్కారం.

క్రీడా పేజీల్లో తరచూ ఒక రకం వార్త వస్తుంటుంది: కాలినొప్పిని పంటి బిగువున భరించి పతకం తెచ్చిన పద్నాలుగేళ్ళ అమ్మాయి, పదహారేళ్ళ అబ్బాయి. చదవడానికి బాగానే ఉంటుంది. ఆ నొప్పి కాలి ముందెముక లోపలి అంచున వచ్చిందైతే మాత్రం, ఆ పతకం వెనక చాలాసార్లు నెల ముందే తగ్గించాల్సిన శిక్షణ ఒకటి ఉంటుంది. మైదానంలో దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు. డాక్టర్ చీటీలో మీడియల్ టిబియల్ స్ట్రెస్ సిండ్రోమ్ అని ఉంటుంది. పరుగు, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, నృత్యం, ఇలా కాలు నేలను పదేపదే తాకే ఏ సాధనలోనైనా ఇది వస్తుంది. దీని గురించి కోచ్‌లకూ తల్లిదండ్రులకూ అందుతున్న సలహా చాలావరకు మూడు మాటలే: ఐస్ పెట్టండి, రెండు వారాలు ఆపండి, మళ్ళీ మొదలుపెట్టండి. ఆ మూడో మాట దగ్గరే పిల్లలు మళ్ళీ దెబ్బతింటున్నారు. అందుకే ఉత్తరం కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాం.

ముందు నొప్పి ఎక్కడుందో చూడాలి. మోకాలి కింద ఉన్న రెండెముకల్లో లావుది టిబియా. ముందువైపు చర్మం కింద కండ లేకుండా నేరుగా చేతికి తగిలేది అదే. పిల్లను కూర్చోబెట్టి, పాదం వదులుగా వేలాడనిచ్చి, చీలమండ లోపలి బుడిపె దగ్గర మీ బొటనవేలు పెట్టండి. రెండో కాలి వైపు ఉండే ఎముక అంచు వెంట, వెనక పిక్క కండ మొదలయ్యే గీత మీదుగా, రెండేసి సెంటీమీటర్లకు ఒకసారి నొక్కుతూ పైకి వెళ్ళండి. నొప్పి మొదలైన చోట పెన్నుతో ఒక చుక్క, ఆగిన చోట ఇంకో చుక్క పెట్టి మధ్య దూరం కొలవండి. తెగకుండా 5 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటే షిన్ స్ప్లింట్స్ అనుకోవచ్చు. సాధారణంగా ఎముక కింది సగంలోనే, ఒక్కోసారి జానెడు పొడవునా ఉంటుంది. అలా కాకుండా ఒకే చోట, వేలి కొన పట్టేంత మేర, ముట్టుకుంటే కాలు వెనక్కి లాక్కునేలా ఉంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నని చీలిక, కావచ్చు. పిల్లను అడిగినా తెలిసిపోతుంది. ఎక్కడ నొప్పి అంటే అరచేత్తో కాలంతా రాసి చూపిస్తే ఒక దారి, ఒక్క వేలితో చుక్క పెట్టినట్టు చూపిస్తే ఇంకో దారి.

అదే చోట ఎముక మీది చర్మాన్ని 5 సెకన్లు నొక్కి పట్టి వదలండి. గుంట పడి కాసేపు నిలిస్తే లోపల వాపు ఉన్నట్టే. నొప్పి వేలికొన మేరకే ఉన్నప్పుడు ఒంటికాలి మీద గెంతించి చూడాలనే ఉత్సాహం మాత్రం వద్దు. సన్నని చీలిక ఉన్న ఎముకకు ఆ పరీక్షే చివరి దెబ్బ కావచ్చు.

నొప్పి వచ్చే వేళ కూడా చాలా చెబుతుంది. షిన్ స్ప్లింట్స్ తొలి దశలో వార్మప్‌లో నొప్పి ఉంటుంది, ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంది, సాధన ముగిసి చల్లబడ్డాక, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు మళ్ళీ పట్టుకుంటుంది. మధ్యలో తగ్గడమే ఇందులో మోసం. 'పరుగెత్తితే పోతోంది సార్' అని పిల్లలు నిజాయితీగానే చెబుతారు. ఇంకొన్ని వారాలు నెట్టుకొస్తే పరుగు మధ్యలో కూడా తగ్గడం మానేస్తుంది. ఆ తర్వాత నడకలోనూ ఉంటుంది. కూర్చున్నప్పుడు, నిద్రలో కూడా నొప్పి ఉంటే ఇక షిన్ స్ప్లింట్స్ అని సరిపెట్టుకోకూడదు. స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో పాటు, ఎదిగే వయసులో ఎముకలో వచ్చే గడ్డలు కూడా రాత్రి నొప్పితోనే బయటపడుతుంటాయి. అవి అరుదే. కానీ ఆటగాడు కాబట్టి ఆటలో తగిలిన దెబ్బే అయి ఉంటుందనుకుని నెలలు గడిపేస్తే ఆ నష్టం పూడదు.

మరో రకం ఉంది. పరుగు మొదలెట్టిన పది పన్నెండు నిమిషాలకు, ప్రతిసారీ ఇంచుమించు అదే సమయానికి, కాలు బిగదీసుకుపోతుంది. పాదం పైన తిమ్మిరి వస్తుంది, పాదం నేలకు టపటపా కొట్టుకుంటుంది. ఆగిన పావుగంటలోనో అరగంటలోనో ఏమీ లేనట్టు సర్దుకుంటుంది. ఇది కండరాల గదుల్లో ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. దీనికి నెలల తరబడి ఐస్ పెట్టినా ప్రయోజనం ఉండదు. ఒత్తిడి కొలిచే పరీక్ష వేరే ఉంది, దానికోసం స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

అంచున కాకుండా ఎముక ముందు ముఖం నట్టనడుమ, వేలికి చిన్న బొడిపెలా తగిలి నొప్పి ఉంటే ఆ రోజే పరుగు, గెంతులు ఆపించండి. నేలను తాకిన ప్రతిసారీ టిబియా విల్లులా కొద్దిగా వంగుతుంది. వెనక పక్క నొక్కుకుంటుంది, ముందు పక్క సాగుతుంది. నొక్కుకునే వైపు వచ్చిన చీలిక త్వరగా అతుక్కుంటుంది. సాగే వైపు చీలిక నెలలు పట్టినా అతుక్కోక, కొన్నిసార్లు ఆపరేషన్ దాకా పోతుంది, ఒక్కోసారి పూర్తిగా విరుగుతుంది కూడా.

ఎక్స్‌రే గురించి ఒక హెచ్చరిక. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనబడదు. 'ఎక్స్‌రే నార్మల్, ఆడించుకోవచ్చు' అనే మాట అందుకే ప్రమాదం. ఎంఆర్ఐలో అయితే ముందే తెలుస్తుంది. 1995 నుంచి డాక్టర్లు వాడుతున్న ఫ్రెడరిక్సన్ కొలమానంలో మొదటి మెట్టు ఎముక పొర వాపు, తర్వాతి రెండు మెట్లు లోపలి మజ్జలో వాపు, నాలుగోది చీలిక గీత. వరస చూస్తే ఒకటి అర్థమవుతుంది. నిర్లక్ష్యం చేసిన ఎముక ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకు దిగగలదు. షిన్ స్ప్లింట్స్ వచ్చిన ప్రతి పిల్లకూ ఎంఆర్ఐ తీయించనక్కర్లేదు. వేలికొన మేర నొప్పి, రాత్రి నొప్పి, నాలుగు వారాలు భారం తగ్గించినా మారని నొప్పి ఉంటే తీయించాలి.

ఇక ఎందుకొస్తుందన్నది. ఎముక పొరను పిక్క కండ లాగడం వల్ల వస్తుందని వెనకటి వివరణ. ఆ లాగుడు కొంత ఉండవచ్చు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ఎముకే అలిసిపోతోందని. దీర్ఘకాలంగా ఈ నొప్పి ఉన్న క్రీడాకారుల్లో సరిగ్గా నొప్పి ఉన్నచోటే ఎముక సాంద్రత తగ్గిందనీ, కోలుకున్నాక తిరిగి పెరిగిందనీ స్కాన్లలో తేలింది. పరుగులో ఒక్కో కాలు కిలోమీటరుకు ఇంచుమించు 450 నుంచి 550 సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల బలం నేల నుంచి తిరిగి వస్తుంది. పిక్క కండరాల లాగుడు కూడా కలిపితే ఎముక మీద పడే బరువు ఇంకా ఎక్కువ.

ఈ బరువు చెడ్డదేమీ కాదు, ఎముక గట్టిపడేది దానివల్లే. చిక్కంతా వరసలో ఉంది. కొత్త భారం మీద పడగానే ఎముక ముందు పాత భాగాన్ని తవ్వి తీసేస్తుంది, తర్వాత కొత్తది పోస్తుంది. తవ్వే కణాలకు ఒక్కో చోట దాదాపు 3 వారాలు పడుతుంది, నింపే కణాలకు 3 నెలల దాకా పడుతుంది. అంటే సీజన్ మొదలైన మూడు నాలుగు వారాలకు ఎముక మునుపటికన్నా బోలుగా ఉంటుంది. గోడలో పాత ఇటుకలు ఊడదీశారు, కొత్తవి ఇంకా పెట్టలేదు. సరిగ్గా అప్పటికే ఊపిరి, గుండె, కండరాలు మెరుగుపడి ఉంటాయి. పిల్ల హుషారుగా ఉంది, టైమింగ్ తగ్గుతోంది, కోచ్ రౌండ్లు పెంచుతాడు. నొప్పి నాలుగో వారం చుట్టూ మొదలవడం యాదృచ్ఛికం కాదు. అందుకే కొత్త సీజన్‌లోనూ సెలవుల తర్వాతా మూడో వారమో నాలుగో వారమో మొత్తం పరుగును మూడోవంతు తగ్గించి, అయిదో వారం నుంచి మళ్ళీ పెంచమని మేము గట్టిగా చెబుతాం. కోచ్‌లకు ఇది అన్నిటికన్నా కష్టమైన సలహా. పిల్లలు బాగా పరుగెడుతున్న వారంలోనే తగ్గించమంటున్నాం కదా.

ఎదిగే వయసులో ఇంకో ముడి ఉంది. అమ్మాయిలు సుమారు 12 ఏళ్ళప్పుడు, అబ్బాయిలు సుమారు 14 ఏళ్ళప్పుడు అన్నిటికన్నా వేగంగా పొడుగవుతారు. ఎముకలోకి ఖనిజం వేగంగా చేరడం దాని తర్వాత అర్ధ సంవత్సరం పైబడి ఆలస్యంగా జరుగుతుంది. ఆ మధ్యకాలంలో ఎముక పొడవుకు తగిన గట్టిదనం ఉండదు. కాబట్టి ఎత్తు కొలవడం శిక్షణలో భాగం కావాలి. నెలకోసారి, అదే గోడ దగ్గర, అదే వేళకు, చెప్పులు లేకుండా కొలవండి. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటి పెరిగిన పిల్లకు ఆ కాలంలో కొత్త భారం ఎక్కించకుండా, ఉన్నది నిలపడమే మంచిదని మా అభిప్రాయం.

వచ్చాక ఏం చేయాలి? ముందు గడువు గురించి నిజం చెప్పాలి. 2012లో నెదర్లాండ్స్‌లో 74 మంది క్రీడాకారులను మూడు గుంపులు చేసి చూశారు: ఒక గుంపుకు మెట్టుమెట్టుగా పరుగు ఒక్కటే, రెండోదానికి ఆ పరుగుతో పాటు సాగదీత, బలం పెంచే వ్యాయామాలు, మూడోదానికి ఆ పరుగుతో పాటు బిగుతు సాక్సు. ఆగకుండా 18 నిమిషాలు పరుగెత్తగలిగే స్థితికి మూడు గుంపులకూ పట్టింది సగటున 100 నుంచి 118 రోజులు. గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మొండికేసిన నొప్పికి మూడు నెలల పైమాటే అన్నమాట. తొలి వారంలోనే భారం తగ్గించినవాళ్ళు ఇంకా త్వరగా బయటపడతారు. రెండు వారాల సెలవు, స్ప్రే, టేపు, నొప్పి మాత్ర వేసుకుని సెలక్షన్‌కు దింపడం పని చేయదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. నొప్పి మాత్ర ఎముకను బాగుచేయదు. పిల్ల ఆగవలసిన చోట ఆగకుండా చేస్తుంది, అంతే. ఐస్ 15 నిమిషాలు, బట్ట అడ్డు పెట్టి, రోజుకు రెండు సార్లు పెడితే ఊరటగా ఉంటుంది. అంతకు మించి దాని నుంచి ఆశించవద్దు.

ఆపడమంటే మంచానపడటం కాదు. నొప్పి లేకుండా నడవగలిగితే ఈత, సైకిలు, లోతు నీళ్ళలో తేలే బెల్టు కట్టుకుని పరుగు, ఇవన్నీ చేయించవచ్చు. గుండె, ఊపిరి అలాగే నిలుస్తాయి. పిల్లలకు జట్టుకు దూరమయ్యామనే బెంగ కూడా తగ్గుతుంది. ఆ బెంగతోనే చాలామంది నొప్పిని దాస్తారు.

తిరిగి పరుగుకు పంపే ముందు నాలుగు చూడండి. వారం రోజులు నడకలోనూ మెట్లెక్కడంలోనూ నొప్పి ఉండకూడదు. 30 నిమిషాలు చురుగ్గా నడిచినా మర్నాడు పొద్దున ఏమీ ఉండకూడదు. ఒంటికాలి మీద మడమ ఎత్తడం రెండు కాళ్ళతోనూ దాదాపు సమానంగా, కనీసం 20 సార్లు రావాలి. చివరగా ఒంటికాలి మీద 10 గెంతులు నొప్పి లేకుండా వేయాలి. ఏ ఒక్కటి తప్పినా వారం ఆగి మళ్ళీ చూడండి.

మొదటి మెట్టు: 1 నిమిషం మెల్లగా పరుగు, 1 నిమిషం నడక, ఇలా 10 సార్లు, రోజు విడిచి రోజు. రెండు రోజులు ఇబ్బంది లేకుండా సాగితే 2 నిమిషాల పరుగు, 1 నిమిషం నడక, 7 సార్లు. తర్వాత 3 నిమిషాల పరుగు 5 సార్లు, 5 నిమిషాలది 4 సార్లు, 8 నిమిషాలది 3 సార్లు. ఆపైన ఆగకుండా 20 నిమిషాలు, 30 నిమిషాలు. ఒక్కో మెట్టు మీద కనీసం రెండు సార్లు నిలవాలి. అంటే వెనక్కి తగ్గనవసరం రాకపోయినా ఈ మెట్లకే నాలుగు వారాలు పడుతుంది. 30 నిమిషాల మెల్ల పరుగు కుదిరాకే 80 మీటర్ల పరుగులు నాలుగైదు, పూర్తి వేగంలో ముప్పాతిక దాటకుండా చేర్చండి. ఆ తర్వాత వేగం, తర్వాత స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు), తర్వాత ఎత్తుపల్లాలు. గెంతులు, బాక్స్ జంప్‌లు అన్నిటికన్నా చివర. ఎక్కువగా జరిగే తప్పు మూడో వారంలోనే వేగం తేవడం. దూరం, వేగం రెండూ ఒకే వారంలో పెంచితే నొప్పి తిరిగొచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకె వేయించండి. పరుగులో 2 దాకా పరవాలేదు, మర్నాడు పొద్దున తొలి అడుగులకు అది పోవాలి. 3కు చేరినా, కుంటు కనిపించినా ఆ రోజుకు ఆపి, తర్వాతి సారి ఒక మెట్టు కిందికి దిగండి. పిల్లలు కోచ్ అడిగితే 'ఏం లేదు' అంటారు, ఇంట్లో అడిగితే ఇంకొకటి చెబుతారు. కాబట్టి అంకె మాట రూపంలో అడగవద్దు. పొద్దున నిద్రలేచిన వెంటనే ఒక పుస్తకంలో వాళ్ళచేతే రాయించండి. తేదీ, పరుగు నిమిషాలు, పొద్దుటి అంకె, ఎన్ని గంటల నిద్ర: ఈ నాలుగు గడులు చాలు. వరసగా మూడు రోజులు పొద్దుటి అంకె పెరుగుతుంటే, నొప్పి కుంటుగా మారడానికి ముందే మీకు తెలిసిపోతుంది.

వ్యాయామాల్లో ముఖ్యమైనది పిక్క. అందులోనూ లోపలి పొరగా ఉండే సోలియస్ అనే కండ. అది అంటుకుని ఉండేది నొప్పి వచ్చే ఎముక వెనకే. మోకాలు నిటారుగా ఉంచి మడమలెత్తితే పైకండకు ఎక్కువ పని పడుతుంది. మోకాలు కొంచెం వంచి ఎత్తితే సోలియస్‌కు పడుతుంది. చాలామంది మొదటిదే చేసి సరిపెడతారు. రెండూ కావాలి: ఒక్కోటి 12 నుంచి 15 సార్లు, మూడు విడతలు, వారానికి మూడు రోజులు. రెండు సెకన్లలో పైకి, మూడు సెకన్లలో కిందికి. కుదుపుతో గెంతినట్టు చేస్తే కండకు బదులు స్నాయువు (కండను ఎముకకు కట్టే తాడు) స్ప్రింగులా పని లాగేస్తుంది. గోడకు వీపు ఆనించి పాదాల ముందు భాగం పైకెత్తడం 20 సార్లు, వేళ్ళు ముడవకుండా అరికాలి వంపును పైకి లాగి 5 సెకన్లు పట్టడం 10 సార్లు, పక్కకు పడుకుని కాలు ఎత్తడం 15 సార్లు చేర్చండి. వీటిని పరుగు ఉన్న రోజే, పరుగు అయ్యాక పెట్టండి. పరుగు లేని రోజున పెడితే ఎముకకు దక్కాల్సిన అసలు విశ్రాంతి రోజు కాస్తా పోతుంది. ఆటకు ముందు నిలబడి చేసే సాగదీత మీద మాత్రం పెద్ద ఆశలు పెట్టుకోకండి. 2000లో 1538 మంది ఆస్ట్రేలియా సైనిక రిక్రూట్లపై జరిపిన పరిశోధనలో దానివల్ల కాలి గాయాలు తగ్గలేదు.

వారానికి 10 శాతానికి మించి పెంచకూడదన్న సూత్రం కూడా వేదవాక్కు కాదు. 2008లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 532 మందిని రెండుగా చేసి, ఒకరికి ఈ సూత్రం ప్రకారం నెమ్మదిగా 13 వారాలు, ఇంకొకరికి మామూలుగా 8 వారాలు శిక్షణ ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ ఇంచుమించు అయిదోవంతు మందికి గాయాలయ్యాయి. శాతం కన్నా పిల్ల ఇంతకు ముందు ఎంత పరుగెత్తిందనేదే ముఖ్యం. బడిలో ఒకటి, అకాడమీలో ఒకటి, ఆదివారం క్లబ్బులో ఒకటి, ఇలా మూడు చోట్ల ముగ్గురు కోచ్‌ల దగ్గర పరుగెత్తే పిల్ల మొత్తం లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ముగ్గురూ ఎవరికి వారు మితంగానే చేయిస్తారు. ఎముకకు మాత్రం మూడూ కలిపే పడుతుంది. ఆ లెక్క ఇంట్లోవాళ్ళే రాయాలి, వేరే దారి లేదు.

ఉన్న పరుగునే విడగొట్టడం మంచి ఉపాయం. ఎలుకల ఎముకల మీద చేసిన ప్రయోగాల్లో 360 దెబ్బలు ఒకేసారి వేసినప్పటికన్నా, 90 చొప్పున గంటల విరామంతో నాలుగు సార్లు వేసినప్పుడు ఎముక ఎక్కువ గట్టిపడింది. వరస దెబ్బలకు ఎముక కణాలు కాసేపటికే స్పందించడం తగ్గిస్తాయి, విరామం ఇస్తే మళ్ళీ మేలుకుంటాయి. పిల్లల మీద ఈ లెక్క అచ్చంగా దించలేం. అయినా ఒకేసారి 40 నిమిషాలకు బదులు పొద్దున 20, సాయంత్రం 20 పెట్టడంలో పోయేదేమీ లేదు. ఎనిమిది, పదేళ్ళ పిల్లల్ని పరుగు ఒక్కదానికే కట్టిపడేయకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. బంతాటల్లో అన్ని దిక్కులకూ గెంతే ఎముక అన్ని వైపులా గట్టిపడుతుంది.

పరుగు తీరులో ఒక చిన్న మార్పుకే ఫలితం ఉంటుంది. అడుగుల లెక్క. 30 సెకన్లలో కుడికాలు ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 160 వస్తే దాన్ని 168 నుంచి 176 దాకా, అంటే 5 నుంచి 10 శాతం పెంచడానికి చూడండి. అడుగు పొట్టిదై, పాదం ఒంటికి దగ్గరగా పడి, ఎముక మీద ఒక్కో దెబ్బ బరువు తగ్గుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం వేసే యాప్) పెట్టి ఒక్కో నిమిషం చొప్పున అలవాటు చేయించండి. పిల్లలు అడుగులు పెంచమంటే వేగం పెంచేస్తారు. వేగం అదే ఉండాలి. పక్కన సైకిలు మీద ఒకరు అదే వేగంతో వస్తే సులువు.

బూట్ల సంగతి పెద్దదేం కాదు గానీ వదిలేయకూడదు. 500 నుంచి 800 కిలోమీటర్ల తర్వాత బూటు అడుగులోని మధ్యపొర అణిగిపోతుంది. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే మడమ ఒక పక్కకు ఒరిగి ఉంటే మార్చాల్సిందే. ఎదిగే పాదాలకు రెండు మూడు నెలలకోసారి, నిలబెట్టి, పొడుగాటి వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉందో లేదో చూడండి. స్పైక్స్ వేగంగా పరుగెత్తే భాగానికే, వార్మప్‌కూ చివరి రౌండ్లకూ వద్దు. 400 మీటర్ల ట్రాక్ మీద అందరూ ఎడమకే తిరుగుతారు కాబట్టి వంపుల్లో రెండు కాళ్ళ మీదా భారం ఒకేలా పడదు. ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు వార్మప్ రౌండ్లు సగం కుడివైపుకు తిప్పండి. అరికాలు లోపలికి కుంగుతోందేమో కొలవడం తేలికే. పాదం లోపలి పక్క, చీలమండకు ముందు ఉబ్బెత్తుగా ఉండే ఎముక మీద చుక్క పెట్టి, కూర్చున్నప్పుడు నేల నుంచి దాని ఎత్తు, నిలబడ్డాక ఎత్తు ఒక అట్టముక్క మీద గీయండి. తేడా 10 మిల్లీమీటర్లు దాటితే మెత్తని రెడీమేడ్ ఇన్సోల్ వేసి చూడవచ్చు. కొలతలిచ్చి చేయించే ఖరీదైనవి మొదటి రోజే కొనక్కర్లేదు.

తిండి, నిద్ర గురించి తల్లిదండ్రులకు. 9 నుంచి 18 ఏళ్ళ వయసులో రోజుకు 1300 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, 600 యూనిట్ల విటమిన్ డి అవసరమని అంతర్జాతీయంగా ఎక్కువగా వాడే కొలత. అంతకన్నా ముందు మొత్తం తిండి చాలాలి. పరుగు పెరిగిన వారంలో కంచంలో అన్నీ అంతే ఉంటే శరీరం ఎముక పనిని వాయిదా వేస్తుంది. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆటకు తగిన శక్తి తిండిలో అందని ఈ స్థితికి రెడ్స్ అని పేరు పెట్టి, అబ్బాయిలకూ వర్తిస్తుందని చెప్పింది. అమ్మాయిల్లో దీని తొలి గుర్తు నెలసరి తప్పడం. వరసగా మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్ళు నిండినా మొదలవకపోయినా డాక్టర్‌కు చూపించాలి. 'ఆటలాడే పిల్లలకు మామూలే' అనడం మానాలి. బరువు తగ్గితే టైమింగ్ తగ్గుతుందని అమ్మాయిలకు చెప్పే కోచ్‌లున్నారు. ఎముకలకు ఇంతకన్నా చేటు చేసే సలహా మేము ఎరగం. నిద్ర విషయంలో 112 మంది బడి క్రీడాకారులపై 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం 8 గంటలకన్నా తక్కువ నిద్రపోయేవాళ్ళకు గాయాల అవకాశం 1.7 రెట్లు. పొద్దున 5 గంటలకు మైదానానికి రమ్మంటే, రాత్రి 8 గంటలకే దీపం ఆర్పడం కూడా శిక్షణలో భాగమేనని ఇంట్లో చెప్పాలి.

ఒక మనవి మీ విలేకరులకు. నొప్పితో పరుగెత్తి గెలిచిన పిల్ల గురించి రాసేటప్పుడు మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కూడా వార్తలో వేయండి: ఆ నొప్పి ఎన్ని వారాలుగా ఉంది? అరచేత్తో చూపిస్తోందా, ఒక్క వేలితోనా? పోటీ ముగిసిన మర్నాడు పొద్దున నడవగలిగిందా?

ఇట్లు,
యువ క్రీడాకారుల గాయాలకు చికిత్స, శిక్షణ ఇచ్చే ఫిజియోథెరపిస్టులు, కోచ్‌లు